కోరగుట్ట మీద స్వామి

స్వామి పారిపోయాడని కంపెనీ చెప్పిన రోజు దేవన్న మొదట నవ్వాడు. కోపం ఆ తర్వాత వచ్చింది. వచ్చిన కోపం మళ్లీ పోలేదు.

స్వామి దేవన్నకు అక్క మొగుడు. ఇద్దరిదీ కోరుట్ల దగ్గరి పల్లె. ఇద్దరూ గౌండ్లవాళ్లే. నడుముకు మోకు బిగించి తాటిచెట్లెక్కి కల్లు గీసినవాళ్లు. వానలు మొహం చాటేసి చెట్లు ఎండిపోతే, ఒకే ఏజెంటు ద్వారా సౌదీ వచ్చి దమ్మామ్‌లో ఒకే గదిలో పడ్డారు. రేవు దగ్గర ఇనుప గోదాములు కట్టే కంపెనీ. దేవన్న కింద వెల్డర్లకు అందించే పని, స్వామిది పైన దూలాల మీద పని. పైన ఉన్నంతసేపూ పాట పాడేవాడు. కిందికి దిగితే మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. క్యాంపు గేటు దాటి దుకాణానికి పోవాలన్నా బామ్మర్ది పక్కన ఉండాలి.

"చెట్టెక్కుడు భయం గాదు బామ్మర్దీ, రోడ్డు దాటుడే భయం" అనేవాడు.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. దమ్మామ్‌లో కిటికీ అద్దాలకు టేపులు అంటించారు. సైరన్ ఎప్పుడు మోగుతుందో తెలియక బట్టలతోనే పడుకునేవారు. గోదాముల పని ఆగిపోయింది కానీ కంపెనీకి వేరే పని దొరికింది. దక్షిణాన అభా కొండల్లో ఒక శిఖరం మీద వైర్‌లెస్ స్తంభం నిలబెట్టాలి. యుద్ధం కదా, తొందరగా నిలబెట్టాలి.

క్యాంపు ఆఫీసుకు ప్రభాకర్ అని మన తెలుగాయనే ఇన్‌చార్జి. ఎత్తు మీద పనిచేసేవాళ్లను ఏరమని పైనుంచి ఆర్డరొస్తే ఆయన నేరుగా వీళ్ల గదికే వచ్చాడు.

"స్వామీ, మీ వాళ్లకు హైట్ అంటే ప్రాబ్లెం లేదు కదా. అభా క్లైమేట్ సూపర్. అక్కడ మిసైల్ భయం కూడా లేదు. పని అవ్వగానే రిటర్న్."

"దేవన్న సుత వస్తడా సార్?"

"ఇద్దరొద్దు. నువ్వొక్కడివి చాలు."

చలికాలం మొదట్లో స్వామిని లారీలో పంపారు. అక్కడినుంచి ఒకసారి మాత్రం డ్రైవరు నోట కబురొచ్చింది. ఆ శిఖరాన్ని అరబ్బులు జబల్ నాబ్ అంటారట, నాబ్ అంటే కోర. "మన భాషల కోరగుట్ట. పెద్దపులి నోరు తెరిచినట్టే ఉన్నది. పొద్దుమూకేసరికి రాళ్లవాన కొడుతున్నది. దేవునికి మొక్కుమని మీ అక్క ముత్యవ్వకు చెప్పి పంపు" అన్నాడట స్వామి.

ఫిబ్రవరి చివర యుద్ధం అయిపోయింది. అభా నుంచి లారీ తిరిగి వచ్చింది. అందులో స్వామి లేడు.

దేవన్న ఆఫీసుకు పోయి నిలబడ్డాడు. ప్రభాకర్ తల ఎత్తకుండానే చెప్పాడు.

"మీ బావ హురూబ్. సైట్ నుంచి అబ్‌స్కాండ్ అయ్యాడు. రిపోర్ట్ కూడా ఇచ్చేశాం."

హురూబ్ అంటే పనిలోంచి పారిపోయినవాడు. ఆ ముద్ర పడితే పోలీసులు ఎక్కడ కనబడినా పట్టుకుంటారు. కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, ఆ మనిషితో ఇక ఏ సంబంధమూ ఉండదు. బతికాడా చచ్చాడా అని అడగాల్సిన పని కూడా ఉండదు.

అప్పుడే దేవన్న నవ్వాడు. "మా బావనా సార్? పారిపోయిండా? గేటు బయట సిగరెట్ కొనాల్నంటె నన్ను తోలుకపోయెటోడు."

"వార్ ఫియర్. చాలామంది పోయారు."

"పారిపోయెటోడు సామాను కొంచవోడా? ఆయన పెట్టె నా మంచం కిందనే ఉన్నది. అక్కకు కొన్న చీర సుత అండ్లనే ఉన్నది."

"దేవన్నా, ఎమోషనల్ అవ్వకు. ఎక్కువ మాట్లాడితే నీకు కూడా ఎగ్జిట్ కొట్టాల్సి వస్తుంది."

నవ్వు అక్కడ ఆగిపోయింది. బల్ల మీదుగా వంగి దేవన్న ఆయన అంగీ పట్టుకున్నాడు. కాపలా ఉన్న ఇద్దరు పఠాన్లు వచ్చి విడిపించారు. ఆ వారంలోనే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి దేవన్నను విమానం ఎక్కించేశారు. స్వామి పెట్టెను తలమీద పెట్టుకుని ఊరికొచ్చాడు.

ఊళ్లో ముత్యవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది. తమ్ముడు చెప్పింది విని ఏడవలేదు. "పారిపోయిండా? ఏడికి?" అని మాత్రం అడిగింది. దానికి జవాబు ఊరి దగ్గర తయారుగా ఉంది. బీడీలు జమచేసే చోట ఆడవాళ్లు తునికాకు కత్తిరిస్తూ చెప్పుకున్నారు: స్వామి అక్కడ ఎవతెనో మళ్లీ కట్టుకున్నాడట, తుర్కుల్లో కలిశాడట, పెద్ద బంగళాలో ఉంటున్నాడట. చూసినట్టే చెప్పారు. ముత్యవ్వ పండుగకు గాజులు వేసుకుంటే "ఎవని కోసం?" అన్నారు. వేసుకోకపోతే "మొగడు బతికుండంగనే గిదేం పాపం" అన్నారు. 

ఒకరోజు ఆమె బీడీల చాట తెచ్చి అందరి ముందూ నేలకేసి కొట్టింది. ఇంటికొచ్చి తమ్ముణ్ణి పిలిచింది.

"నువ్వు మళ్ల పో తమ్మీ."

"ఏడికక్కా?"

"గా గుట్టకు. సచ్చిండా బతికిండా నీ కండ్లతోటి సూసి రా. బతికుంటే గల్ల పట్టి గుంజుకరా. సచ్చిపోతే సచ్చిండని చెప్పు. నడుమ ఉంచకు నన్ను. నడుమ ఉండి ఉండి నా పానం రాయి అయితున్నది."

దేవన్నకు మళ్లీ వీసా దొరికేసరికి తొంభై నాలుగు వచ్చింది. అడిగి అడిగి అభా పనికే వచ్చాడు. లోయ అంచున రోడ్డు వెంట రాతి పిట్టగోడలు కట్టే పని. 

మొదటి ఉదయమే దాన్ని చూశాడు. పీఠభూమి అంచు ఒక్కసారిగా తెగిపోయి, కింద తిహామా మైదానం పొగలో మునిగి ఉంది. ఆ తెగిన అంచుకు కాస్త ఎడంగా, మధ్యలో లోతైన గండితో, ఒంటరిగా నిలబడిన రాయి. మొన దగ్గర నల్లగా, వంపు తిరిగి, నిజంగా కోరలాగే ఉంది. ఆ మొన మీద సగం కట్టి వదిలేసిన ఇనుప స్తంభం. యుద్ధం అయిపోగానే దానితో పనీ అయిపోయింది. ఒక్క మాటైనా దానిగుండా పోలేదు.

స్వామితో ఆ గుట్ట దగ్గర పనిచేసిన జానీని వెతకడానికి ఎక్కువ కష్టపడాల్సి రాలేదు. కడప జిల్లా మనిషి, అప్పట్లో కంపెనీ లారీ నడిపినవాడు. ఇప్పుడు అభాలోనే నీళ్ల ట్యాంకరు తోలుతున్నాడు. హోటల్లో దేవన్న తన పేరు, ఊరు, స్వామి పేరు చెప్పగానే జానీ చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది.

"నువ్వు ఆయన బామ్మర్దివా అన్నా?"

"పారిపోయిండన్నరు. నువ్వు సూసినవా పారిపోంగ?"

జానీ బయటికి నడిచాడు. ట్యాంకరు చాటున నిలబడి చెప్పాడు.

"యాడ పారిపోతాడన్నా! ఆ పొద్దు మబ్బు కమ్మింది. పైన ముగ్గురున్నారు, మీ బావ, ఇద్దరు బంగ్లావాళ్లు. దిగొస్తామని వాకీటాకీలో అడిగినారు. ఇంజనీరు ఇనలేదు. స్తంభాన్ని నిలిపే తీగలు ఈ పొద్దే కడాకు బిగించాల అన్యాడు. రాళ్లవాన పడింది. సివరి తీగ దగ్గర మీ బావ జారినాడు. ఆ ఇద్దరూ ఏడ్సుకుంటా దిగొచ్చినారు. ‘అరుస్తా ఉన్నాడు సార్, బతికే ఉన్నాడు, తాడు తీసుకుని పోదాం’ అని ఇంజనీరు కాళ్లు పట్టుకున్యారు."

దేవన్న అతని భుజం పట్టుకున్నాడు. "మరి?"

"దమ్మామ్‌కి ఫోన్ సేసినాడు. మనుషుల్ని ఆ అంచుకు ఎక్కించేదానికి పర్మిట్ లేదంట. బయటికి పొక్కితే కంపెనీ మూసేస్తారని అనుకున్యారు. ఆ సాయంత్రమే అందర్నీ లారీ ఎక్కించినారు. తోలింది నేనే. హురూబ్ అని రాసేయమని ఫోన్‌లో సెప్పింది మీ తెలుగాయనే, ప్రభాకర్. నోరు తెరిస్తే నీదీ అదే గతి అన్యారు. ఆ ఇద్దర్నీ వారం తిరక్కుండా ఢాకా పంపేసినారు."

"అరుస్తున్నడని తెలిసి?"

"తెలిసే అన్నా."

దేవన్న ట్యాంకరు ఇనుము మీద పిడికిలితో కొట్టాడు. తోలు లేచి నెత్తురొచ్చింది. జానీ తల దించుకున్నాడు. అతని మీద కూడా దేవన్నకు కోపం వచ్చింది. కానీ అతణ్ణి కొట్టడానికి చెయ్యి లేవలేదు.

ఆ గుట్ట ఎక్కే దారి తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల దాదాపు లేరు. తాతల కాలంలో తేనె కోసం ఎక్కేవారట. తర్వాత ఎవరికీ అవసరం పడలేదు. కంపెనీవాళ్లు కట్టిన తాళ్లు ఎప్పుడో కుళ్లిపోయాయి. అందరూ ఒక పేరే చెప్పారు, ముస్ఫిర్. అంచు పల్లెలో ముసలాయన. తేనెపట్లు తీస్తాడు, మేకలు కాస్తాడు, తలకు ఎండు పూలదండ చుట్టుకుంటాడు. దేవన్న తనకు వచ్చిన ముక్కల అరబ్బీలో, చేతి సైగలతో సంగతంతా చెప్పాడు. ముసలాయన తాగుతున్న కహ్వా, వాళ్ల కాఫీ, గిన్నె కింద పెట్టేశాడు.

"ఆ తీగకు ఎర్రగుడ్డ ఉండేది" అన్నాడు.

"ఎర్రగుడ్డనా?"

"యుద్ధం అయిన రోజుల్లో. మా మెట్ల పొలాల్లోంచి కనబడేది. ఊగేది. గాలి లేని పొద్దున కూడా ఊగేది. కంపెనీ జెండా అనుకున్నా. అటు ఎవరూ పోవద్దని అప్పట్లో కట్టడి ఉండేది. కొన్ని రోజులకు ఊగడం ఆగింది."

స్వామి ఎప్పుడూ మెడకు ఎర్ర తువ్వాల వేసుకునేవాడు. దేవన్న తన మెడ చుట్టూ చెయ్యి తిప్పి చూపించాడు. చెప్పకపోయినా ముసలాయనకు అర్థమైంది. లేచి గోడకున్న తాడు దించాడు.

"శుక్రవారం పోదాం. నా కంటి ముందర జరిగింది. నేను రాకుండా ఎట్లా!"

తెల్లవారుతూనే బయలుదేరారు. మధ్యాహ్నానికి తిహామా నుంచి పొగమంచు లేస్తుంది, అది గండి దాటేలోపు మొన చేరి మళ్లీ దిగాలి. ఆ గుట్టకు అదే మొదటి నియమం అన్నాడు ముస్ఫిర్. రెండో నియమం వింతగా ఉంది. ఎక్కాలంటే ముందు దిగాలి. పీఠభూమి అంచు నుంచి అక్కడివాళ్లు అర్ అర్ అనే కొండచెట్ల మధ్యగా, పాతకాలం రాతిమెట్ల మీదుగా, గండి అడుగుదాకా దిగారు. ఆ చెట్ల బెరడు పొరలు పొరలుగా ఊడుతోంది, ఆకు నలిపితే ఘాటు వాసన. మెట్లు చాలాచోట్ల జారిపోయాయి. గండిని వాళ్లు మెడ అంటారు. రెండు వైపులా పాతాళం, మధ్యలో ఎద్దు వీపులాంటి సన్నటి దారి. గాలి అక్కడ మనిషిని తోస్తుంది. నిటారుగా నడవొద్దు, వంగి నడువు, అవసరమైతే పాకు అన్నాడు ముసలాయన. పాకారు.

మెడ దాటగానే ఎదురుగా రాళ్లు పోసిన వాగు ఒకటి నేరుగా పైకి పోతున్నట్టు కనబడింది. దేవన్న అటు అడుగేశాడు.

"లా, లా, వద్దు! అది మోసం. పైనుంచి ప్రతి రాయీ అందులోకే వస్తుంది. ఎడమకు, నల్లటి చారల మీదుగా."

నల్లటి చారలంటే వానకు నల్లబడ్డ పలకరాళ్లు. ఏటవాలుగా ఉన్నాయి కానీ గరుకుగా ఉన్నాయి. దేవన్న బూట్లు విప్పి మెడలో వేసుకున్నాడు. తాటిబెరడు మీద కాయలు కాచిన పాదాలు రాయిని పట్టుకున్నాయి. పలకల పైన కుక్కమూతి కోతుల గుంపు కూర్చుని ఉంది. భుజాల నిండా జూలు ఉన్న మగకోతి ఒకటి పళ్లు చూపించి మొరిగింది. వాటి కళ్లలోకి చూడకుండా, చెయ్యి ఎత్తకుండా పక్కనుంచి పోయారు. వాటికి భయపడి పరుగెడితే కాలు జారుతుందని ముసలాయన ముందే చెప్పాడు.

పలకలు అయిపోయిన చోట గోడ. గోడలో నిలువుగా ఒక చీలిక, మనిషి పట్టేటంత. అక్కడ చేతులతో ఎక్కలేరు. వీపు ఒక గోడకు ఆనించి, కాళ్లు ఎదుటి గోడకు తన్ని, కొంచెం కొంచెంగా జరగాలి. లోపల నీళ్లు కారుతూ చల్లగా ఉంది. సగంలో దేవన్న ఆగి కాళ్లు సర్దుకున్నాడు. ఈ దారినే స్వామి ఇనుప తీగల చుట్టలు మోసుకుంటూ ఎక్కాడు. ఒక్కసారి కాదు, రోజూ. కంపెనీకి స్తంభం ముక్కలు మోసుకురావడానికి హెలికాప్టరు దొరకలేదు, స్వామి వీపు దొరికింది. కోపం వచ్చింది. ఆ కోపంతోనే దేవన్న చీలిక దాటాడు.

చీలిక పైన ఒక చోట కొమ్ములా పొడుచుకొచ్చిన రాయి ఉంది. ముస్ఫిర్ తాడును దానికి తగిలించాడు. దేవన్న రెండో కొసను మోకులా నడుముకు బిగించుకున్నాడు. అక్కణ్ణుంచి కంపెనీ తాళ్లు నేరుగా మొనకు పోయేవి; గుడ్డ ఊగిన తీగ దగ్గరికి మాత్రం అరుగే దారి. మంచం వెడల్పు కూడా లేదు. మొహం రాయి వైపు పెట్టి, మడమలు గాల్లో తేలుతుండగా, పక్కకు జరుగుతూ పోవాలి. 

"కిందికి చూడకు. పైకీ చూడకు. నీ చేతినే చూడు" అన్నాడు ముసలాయన వెనకనుంచి.

అరుగు గుట్ట చుట్టూ తిరిగి ముస్ఫిర్ పొలాలకు ఎదురుగా ఉన్న పక్కకు తీసుకుపోయింది. అక్కడ కాస్త వెడల్పయింది. తల మీద, చెట్టంత ఎత్తున, స్తంభం నిలబడ్డ మొన. మొన మీదినుంచి ఒక ఇనుప తీగ వచ్చి ఆ అరుగులోనే రాయికి దిగేసి ఉంది. అదే చివరి తీగ. తీగకు రంగు పోయిన గుడ్డపేలిక.

దాని వెనక, రాయి గుహలా లోపలికి పోయిన చోట, స్వామి ఉన్నాడు.

ఎముకలు. పచ్చటి కంపెనీ వానకోటు, వీపు మీద కంపెనీ పేరు ఇంకా చెరగలేదు. నడుము దగ్గర వెండి మొలతాడు, ముత్యవ్వ పుట్టింటివాళ్లు పెళ్లికి పెట్టింది. ఒక కాలి ఎముక మోకాలి కింద రెండు ముక్కలై ఉంది. దేవన్న వాటన్నిటినీ చూసి ఊరుకునేవాడేమో. కానీ ఇంకొన్ని ఉన్నాయి. గాలి వచ్చే వైపు చిన్న చిన్న రాళ్లతో మోకాలెత్తు గోడ కట్టి ఉంది. రాళ్ల సందుల్లో కోటు పేలికలు కుక్కి ఉన్నాయి. పైనుంచి నీటిబొట్టు పడే చోట హెల్మెట్‌ను గిన్నెలా వెల్లకిలా పెట్టి, కదలకుండా చుట్టూ రాళ్లు పేర్చి ఉంది. 

పడగానే చావలేదు. విరిగిన కాలుతో గోడ కట్టుకున్నాడు. నీళ్లు పట్టుకున్నాడు. తువ్వాల కట్టి తీగను ఊపాడు. రోజుల తరబడి ఊపాడు. తాడు తీసుకుని ఎవరో ఒకరు వస్తారని నమ్మాడు, ఎందుకంటే ఇంకొకరు పడి ఉంటే తాను పోయేవాడు.

దేవన్న కేకపెట్టాడు. దానికి మాటలు లేవు. గుట్ట అవతల కోతులు చెదిరిపోయాయి. స్తంభం కాలును పట్టుకుని ఊపేద్దామని పైకి ఎగబాకబోతే ముస్ఫిర్ నడుము తాడు గుంజి ఆపాడు.

"పడితే ఇద్దరవుతారు. వాళ్లకు కావల్సింది అదే. కింద అడుగుదాం. నేను వస్తా. ఇది మా కొండ."

ముసలాయన తలమీది పూలదండ తీసి ఆ రాళ్లగోడ మీద పెట్టాడు. తన భాషలో ఏదో ప్రార్థన చదివాడు. దేవన్న వెండి మొలతాడు మాత్రం తీసుకున్నాడు. పొగమంచు అప్పటికే మెడ దగ్గరికి వచ్చేసింది. దిగేటప్పుడు చీలికలో వీపు తోలంతా లేచిపోయింది. ఇంటికి చేరి అంగీ విప్పేదాకా ఆ సంగతి దేవన్నకు తెలియలేదు.

మర్నాడు పోలీసు ఠాణాలో దేవన్న ఒక్కడే అయితే గేటు దగ్గరే ఆపేవారు. ముస్ఫిర్ తన తెగ పెద్దల్ని ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. "నా పొలం నుంచి కనబడే చోట ఒక మనిషి సాయం అడుగుతూ చచ్చిపోయాడు. రాసుకుంటావా, గవర్నరు గడప ఎక్కమంటావా?" అని అధికారి ముందు కూర్చున్నాడు. రాసుకున్నారు. తాళ్లతో మనుషులు పోయారు. రెండు శుక్రవారాలు తిరిగేలోపు స్వామి కిందికి దిగాడు, దుప్పట్లో మూటగా. ఆ సాయంత్రం జానీ కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. "ఇంక ఎన్ని దినాలు మింగేది" అని, చూసిందీ విన్నదీ అధికారికి చెప్పేశాడు.

కంపెనీ ప్రభాకర్‌ను పంపింది. ఠాణా వాకిట్లో కారు దిగాడు, కొంచెం లావయ్యాడు. దేవన్న భుజం మీద చెయ్యి వేయబోయాడు.

"సో సారీ దేవన్నా. చాలా అన్‌ఫార్చునేట్. మేనేజ్‌మెంట్ సెటిల్‌మెంట్‌కు రెడీగా ఉంది. మిస్సింగ్ అయ్యి యాక్సిడెంట్ అయిందని నువ్వు ఒప్పుకుంటే..."

"ఒక్కటే అడుగుత. అరుస్తున్నడని ఇంజనీరు నీకు ఫోన్ల జెప్పిండా లేదా?"

"అప్పటి సిచువేషన్ వేరు. వార్ టైమ్. డిసిషన్ నాది కాదు."

"జెప్పిండా లేదా?"

ప్రభాకర్ అటూ ఇటూ చూశాడు. "చెప్పాడు. కానీ..."

"రా. సూడు." దేవన్న ఆయన చెయ్యి పట్టుకుని గదివైపు లాగాడు. "దుప్పటి ఇప్పి సూపిస్త. ఇరిగిన కాలు సూడు. గా కాలుతోని గోడ కట్టుకున్నడు. నువ్వు దమ్మామ్‌ల సల్లగ కూసున్నప్పుడు ఆయన నీళ్ల బొట్లు ఏరుకుంటున్నడు. మన బాస మాట్లాడెటోనివి నువ్వు. నువ్వే రాయిచ్చినవు పారిపోయిండని. మూడేండ్లు మా అక్క ఊరందరి నోట్ల నానింది. సూడురా!"

ప్రభాకర్ చూడలేదు. కళ్లు మూసుకున్నాడు. ఆ మూసిన కళ్లు చూసి దేవన్న ఆగలేకపోయాడు. కొట్టాడు. పోలీసులు పరుగున వచ్చి విడదీసేదాకా కొట్టాడు. ముస్ఫిర్ పక్కనే నిలబడి విడిపించలేదు.

దానికి దేవన్న కొంతకాలం జైల్లో ఉన్నాడు. ఇంజనీరు ఎప్పుడో దేశం దాటాడు, అతణ్ణి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ప్రభాకర్ ఉద్యోగం పోయిందో లేదో తెలియదు. ఒక్కటి మాత్రం జరిగింది. స్వామి పేరు మీదినుంచి హురూబ్ కొట్టేశారు. పనిలో చనిపోయాడని రాశారు. జైల్లో ఏం కావాలని ఎవరు అడిగినా దేవన్న అదొక్కటే కోరాడు.

ఎముకల పెట్టె హైదరాబాదులో దిగింది. జైలు నుంచి ఎగ్జిట్ మీద వచ్చిన దేవన్న దాన్ని జీపులో ఊరికి తెచ్చాడు. వెండి మొలతాడును అక్క చేతిలో పెట్టి చూసిందంతా చెప్పాడు. రాళ్లగోడ సంగతి దాచాలనుకున్నాడు, దాచలేకపోయాడు. హెల్మెట్ సంగతీ, తువ్వాల సంగతీ చెప్పాడు. ముత్యవ్వ కూర్చున్నచోటనే ముందుకు వంగిపోయి, నేలకు తల ఆనించి, అన్నేళ్ల ఏడుపూ అప్పుడు ఏడ్చింది.

తెల్లారి ఊరంతా వచ్చింది. బీడీల దగ్గర మాట్లాడిన ఆడవాళ్లే ఆమెను మధ్యలో కూర్చోబెట్టి గాజులు పగలగొట్టబోయారు. ముత్యవ్వ చేతులు వెనక్కి గుంజుకుంది.

"ఆగుండ్రి. ఎవలు ముట్టొద్దు. ఆయనకు మళ్ల పెండ్లి చేసింది మీరు. బంగళా కట్టిచ్చింది మీరు. నా మొగడు గుట్ట మీద తువ్వాల ఊపుతుంటే మీరు ఈడ పండ్లికిలిచ్చిండ్రు. నా గాజులు నేనే తీసుకుంట. పోండ్రి."

ఒక్కొక్కరే లేచి పోయారు. ఆమె గాజులు ఒక్కొక్కటీ తీసి మట్టిలో పెట్టింది. స్వామిని దేవన్న, నలుగురు గౌండ్లవాళ్లు మోసుకుపోయారు.

దేవన్న మళ్లీ గల్ఫ్ పోలేదు. వానలు పడ్డాక బతికిన చెట్లు గీసుకుంటూ ఊళ్లోనే ఉన్నాడు. మనిషి మాత్రం మెత్తబడలేదు. ముస్ఫిర్ చనిపోయాడని జానీ ఫోను చేసినప్పుడు మూడు రోజులు చెట్టెక్కలేదు.

రెండువేల మూడులో ఇరాక్ మీద మళ్లీ యుద్ధం వచ్చింది. ఆ ఎండాకాలం మెట్‌పల్లి నుంచి ఒక ఏజెంటు మోటారుసైకిలు మీద ఊళ్లోకి దిగాడు. సైన్యాల క్యాంపుల్లో టవర్ల పని ఉంది, ఎత్తు ఎక్కేవాళ్లు కావాలి, గౌండ్లోళ్లు అయితే ఇంకా మంచిది అన్నాడు. పడుచువాళ్లు చుట్టూ చేరారు. కల్లు కుండతో వస్తున్న దేవన్న ఆ మాట విని కుండ దించి, నేరుగా పోయి మోటారుసైకిలు తాళం లాక్కున్నాడు. గొడవ పెద్దదయింది. అరుపులు విని ముత్యవ్వ బీడీలచాట పక్కన పెట్టి వచ్చింది. 

"తాళం ఇచ్చెయ్ తమ్మీ" అంది. ఏజెంటు వైపు తిరిగింది. "ఎక్కిచ్చెటోని పేరు నేనడుగ, ఎవడో ఒకడు ఉంటడు. మీద పడి దిగలేనోని కోసం ఎక్కెటోని పేరు జెప్పు. గట్లాంటోడు మీ కంపెనీల ఒక్కడన్న ఉన్నడా? ఆయన పేరు జెప్పి తోలుకపో."

ఏజెంటు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. బండి తిప్పుకుని పోయాడు.

ఆ నెల ఆ ఊరినుంచి ఎవరూ పోలేదు. తర్వాతి నెల ఇద్దరు పోయారు, మెట్‌పల్లికి వాళ్లే నడిచి వెళ్లి. దేవన్న వాళ్లను బస్టాండుదాకా వెంబడించి తిడుతూనే ఉన్నాడు. బస్సు కదిలాక కూడా తిట్టాడు.